స్కాండినేవియా పన్నులు: తగ్గేది ఎక్కడ, తగ్గనిది ఎక్కడ

స్టాక్‌హోమ్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందంటే మనవాళ్ల ఇళ్లలో ముందు చలి గురించి అడుగుతారు, ఆ వెంటనే పన్ను గురించి. జీతంలో సగం గవర్నమెంటే పట్టుకుపోతుందట కదా, ఊళ్లో ఉన్న పొలం, ఇల్లు కూడా లెక్క అడుగుతారట కదా అని. ఈ ‘అట’ల్లో కొన్ని ఇప్పటికీ నిజమే. కొన్ని ఒకప్పటి నిజాలు. మరికొన్ని పక్క దేశపు నిజాలు. స్వీడన్, డెన్మార్క్, నార్వే మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. చట్టప్రకారం పన్ను తగ్గించుకునే దారులు మూడు చోట్లా ఉన్నాయి. కాకపోతే అవి మనం వెతికే చోట ఉండవు. మనకు మార్చి నెలలో రసీదులు పోగేసి రిటర్నులో చూపించే అలవాటు. అక్కడ అసలు పని విమానం ఎక్కకముందే మొదలవుతుంది, చాలామట్టుకు అప్పుడే అయిపోతుంది కూడా.

భారీ పన్నుల కథలకు మూలం 1970ల నాటి స్వీడన్. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1976లో తన సంపాదన పై భాగం మీద 102 శాతం పన్ను పడుతోందని లెక్క తేల్చి, దాన్ని వ్యంగ్య కథగా రాసి పత్రికలో వేయించింది. అదే ఏడాది సినీ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్‌ను పన్ను కేసులో పోలీసులు రిహార్సల్ మధ్యలోంచి తీసుకెళ్లారు. కేసు తర్వాత నిలవలేదు గానీ ఆయన మాత్రం దేశం వదిలి వెళ్లిపోయాడు. నాలుగు దశాబ్దాలుగా గద్దె మీదున్న సోషల్ డెమోక్రాట్లు ఆ సెప్టెంబరు ఎన్నికల్లో ఓడిపోయారు. ఐకియా స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ అంతకు మూడేళ్ల ముందే, 1973లోనే, మకాం ఎత్తేశాడు.

ఆ స్వీడన్ ఇప్పుడు లేదు. వారసత్వ పన్ను, బహుమతి పన్ను 2004 చివర్లో పోయాయి. సంపద పన్ను 2007లో పోయింది. డెన్మార్క్ తన సంపద పన్నును 1997లోనే ఎత్తేసింది. కాబట్టి ‘స్కాండినేవియాలో మొత్తం సంపదకు కూడా పన్ను కట్టాలి’ అనే మాట ఇవాళ ఒక్క నార్వేకే వర్తిస్తుంది. అక్కడ మాత్రం 1892 నుంచీ ఉన్న ఆ పన్ను ఇంకా గట్టిగానే ఉంది.

ముందు జీతం సంగతి. స్వీడన్‌లో మునిసిపల్ పన్ను సగటున 32 శాతం పైచిలుకు. పన్ను వేయదగిన ఆదాయం 2025 లెక్కన 6,25,800 క్రోనర్లు దాటితే, ఆ పైదాని మీద కేంద్ర ప్రభుత్వం మరో 20 శాతం తీసుకుంటుంది. డెన్మార్క్‌లో ముందు 8 శాతం ‘కార్మిక మార్కెట్’ వాటా కోసి, మిగిలినదాని మీద మిగతా పన్నులు వేస్తారు. 2025లో పై శ్లాబులో ఉన్నవాళ్లకు అన్నీ కలిపి వందలో 56 దాకా పోయేవి. ఈ మూడింటిలో జీతం మీద కాస్త దయ ఉన్నది నార్వేలోనే. అక్కడ పై శ్లాబు 47 శాతం చుట్టూ ఆగుతుంది.

ఇవి స్థానికుల లెక్కలు. బయటినుంచి వచ్చే నిపుణుల కోసం మూడు దేశాలూ పక్కదారులు వేసి ఉంచాయి. స్వీడన్‌లో 2001 నుంచి ‘నిపుణుల పన్ను’ పథకం ఉంది. జీతంలో నాలుగోవంతు మీద ఆదాయపు పన్నూ ఉండదు, కంపెనీ కట్టాల్సిన సామాజిక భద్రత వాటా 31.42 శాతమూ ఉండదు. సామాన్లు తరలించిన ఖర్చు, కుటుంబమంతా ఏడాదికి రెండుసార్లు స్వదేశం వెళ్లొచ్చే టికెట్లు, పిల్లల స్కూలు ఫీజు కంపెనీ ఇస్తే వాటి మీదా పన్ను లేదు. మొదట్లో మూడేళ్లే ఉన్న ఈ వెసులుబాటు ఐదేళ్లయి, 2024 నుంచి ఏడేళ్లయింది. చదువు, పరిశోధన, పదవి లాంటివి నిరూపించనక్కర్లేకుండా కేవలం జీతం ఆధారంగా అర్హత వచ్చే మార్గం కూడా ఉంది. 2025 నుంచి ఆ గీతను కిందికి దించారు కాబట్టి ఆ ఏడాది నెలకు 88,200 క్రోనర్లు దాటినవాళ్లు దరఖాస్తు చేసుకోగలిగారు.

నెలకు లక్ష క్రోనర్ల జీతం అనుకుందాం. ఏడాదికి 12 లక్షలు. అందులో 3 లక్షలు పన్ను పరిధి నుంచి తప్పుకుంటాయి. ఆ 3 లక్షలూ పై శ్లాబులో ఉన్నవే, అంటే 52 శాతం పన్ను పడాల్సినవి. చేతిలో మిగిలేది ఏడాదికి సుమారు లక్షన్నర క్రోనర్లు. కంపెనీకీ 90 వేలకు పైగా మిగులుతుంది. జీతం మాట్లాడుకునేటప్పుడు ఈ రెండో అంకె గుర్తుంటే బేరంలో కాస్త బలం వస్తుంది. మనవాళ్లు సాధారణంగా ఆ మాటే ఎత్తరు.

అయితే దరఖాస్తు పని మొదలుపెట్టిన మూడు నెలల లోపు చేరాలి. నాలుగో నెలలో కళ్లు తెరిస్తే ఏడేళ్ల లాభం పోయినట్టే. సహోద్యోగి ఎవరో కాఫీ దగ్గర చెప్తే తెలిసింది, అప్పటికే గడువు అయిపోయింది అనే కథలు స్టాక్‌హోమ్ శివారు షిస్తా ఐటీ ఆఫీసుల్లో ఎన్నైనా వినొచ్చు. ఇంకో మెలిక విద్యార్థులది. ముందటి ఐదేళ్లలో స్వీడన్‌లో నివాసం ఉన్నవాళ్లకు ఈ పథకం లేదు. అక్కడే మాస్టర్స్ చేసి అక్కడే ఉద్యోగం తెచ్చుకున్న కుర్రాడు మామూలు పన్నే కడతాడు. పక్క సీట్లో అదే పని చేస్తూ నేరుగా హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి రాయితీ. న్యాయం కాదనిపిస్తుంది, నిజానికి కాదు కూడా. పథకం ఉద్దేశం కొత్తవాళ్లను రప్పించడం, ఉన్నవాళ్లను నిలుపుకోవడం కాదు. అలాగే జీతం ఇచ్చేది స్వీడిష్ కంపెనీ, లేదా స్వీడన్‌లో శాశ్వత శాఖ ఉన్న విదేశీ కంపెనీ అయ్యుండాలి. ఇండియా పేరోల్ మీద ప్రాజెక్టుకు వెళ్లినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

డెన్మార్క్ పథకం ఇంకా సూటిగా ఉంటుంది. 8 శాతం పోగా మిగిలినదాని మీద 27 శాతం, అంతే. మొత్తం 32.84 శాతం, 84 నెలల పాటు. 2025లో కావలసిన జీతం నెలకు 78,000 డేనిష్ క్రోనర్లు. గుర్తింపు పొందిన పరిశోధకులైతే ఈ జీతం షరతు లేదు. ముందటి పదేళ్లలో డెన్మార్క్‌లో పన్ను బాధ్యత ఉండకూడదు. ఇక్కడా తేదీల పేచీ ఉంది. ఉద్యోగం చేరడానికి చాలా ముందే వచ్చి, ఇల్లు తీసుకుని, నివాసిగా నమోదైపోతే అర్హతకే ఎసరు రావచ్చు. ఇంకోటి, ఈ పథకంలో ఉన్నంతకాలం ఆ జీతం మీద ఎలాంటి తగ్గింపులూ ఉండవు. ఇంటి అప్పు వడ్డీ పెద్దగా ఉండి, జీతం గీతకు కాస్త పైన మాత్రమే ఉన్నవాళ్లు రెండు లెక్కలూ వేసుకుని ఎంచుకోవాలి. ఎక్కువమందికి పథకమే లాభం.

నార్వేలో అంత ఉదారం లేదు. 2019 నుంచి, వచ్చిన మొదటి ఏడాదికి 25 శాతం ఫ్లాట్ పన్ను ఉంది. ఆదాయం సుమారు 7 లక్షల క్రోనర్లు దాటితే అదీ వర్తించదు. సీనియర్ ఇంజనీర్ పూర్తి ఏడాది జీతం సాధారణంగా ఆ గీత దాటేస్తుంది కాబట్టి అతనికి ఇది పెద్ద ఊరటేమీ కాదు. ఏడాది చివర్లో వచ్చినవాడికీ, జనవరిలో వచ్చినవాడికీ దీని విలువ వేరు కాబట్టి, చేరే తేదీ మన చేతుల్లో ఉంటే ఆ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

కంపెనీ డిప్యుటేషన్ మీద వెళ్లేవాళ్లకు ఆదాయపు పన్నుకన్నా సామాజిక భద్రత ఒప్పందాలు ముఖ్యం. మూడు దేశాలతోనూ భారత్‌కు అవి ఉన్నాయి. ఈపీఎఫ్‌వో నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్తే నిర్ణీత కాలం వరకు ఇక్కడి పీఎఫ్ ఒక్కటే సరిపోతుంది, రెండుచోట్లా కట్టక్కర్లేదు. ఈ కాగితం హెచ్‌ఆర్ వాళ్లే చూసుకుంటారని అనుకోవడం మాత్రం మన అమాయకత్వం.

ఇంతవరకు జీతం మాట. నిజంగా డబ్బు కారిపోయేది వేరే చోట, మనం ఇండియాలో వదిలి వెళ్లిన ఆస్తుల దగ్గర. అక్కడ నివాసి అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అక్కడ చూపించాలి. స్వీడన్‌లో వరుసగా ఆరు నెలలు ఉంటే చాలు. నార్వేలో పన్నెండు నెలల్లో 183 రోజులు గానీ, మూడేళ్లలో 270 రోజులు గానీ దాటాలి. మన ఎన్‌ఆర్‌ఐలలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి పన్ను లేదని. ఇండియాలో లేదు, నిజమే. స్వీడన్‌లో ఆ వడ్డీకి 30 శాతం. నార్వేలో 22. పీపీఎఫ్ మీద వచ్చేదానికీ ఇండియా మినహాయింపు అక్కడ చెల్లదు. గుంటూరు జిల్లాలో మిర్చి పొలం కౌలు ఆదాయానికీ అంతే. వ్యవసాయ ఆదాయం మీద ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి, అక్కడి పన్నులోంచి మినహాయించుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. రెండుసార్లు పన్ను పడకుండా చూసే ఒప్పందం ఇక్కడ కట్టినదాన్ని అక్కడ తగ్గిస్తుందే తప్ప, ఇక్కడి మినహాయింపును అక్కడికి మోసుకెళ్లదు.

ఎన్‌ఆర్‌వో ఖాతాలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ వడ్డీ మీద మన బ్యాంకే 31.2 శాతం టీడీఎస్ కోసేస్తుంది. స్వీడన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం ఇండియా తీసుకోగలిగింది 10 శాతమే. స్వీడిష్ పన్ను శాఖ స్కట్టెవెర్కెట్ దగ్గర నివాస ధ్రువపత్రం తీసుకుని, దానితోపాటు ఫారం 10ఎఫ్ బ్యాంకుకు ఇస్తే ఆ రేటు అమలవుతుంది. ఏటా చేయాల్సిన పని, చిరాకైన పని. కానీ 31 వరకూ కోసి తర్వాత స్వీడన్‌లో సర్దుబాటు చేసుకోవచ్చులే అనుకుంటే కుదరదు. ఒప్పందానికి మించి ఇండియాలో పోయినదాన్ని స్వీడన్ లెక్కలోకి తీసుకోదు.

మ్యూచువల్ ఫండ్ల సిప్‌లు ఉన్నవాళ్లు డెన్మార్క్ వెళ్తుంటే ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలి. డేనిష్ పన్ను శాఖ జాబితాలో లేని విదేశీ ఫండ్ల మీద పన్ను, అమ్మినప్పుడు కాదు, ఏటా పడుతుంది. ఏడాది మొదట్లో 10 లక్షల రూపాయలున్న ఫండ్ చివరికి 12 లక్షలైతే, ఒక్క యూనిట్ కూడా అమ్మకపోయినా ఆ 2 లక్షలను ఆదాయంగా లెక్కిస్తారు. తర్వాతి ఏడాది మార్కెట్ పడితే నష్టాన్ని చూపించుకోవచ్చు, అది వేరే మాట. అసలు చిక్కు ఏమిటంటే ఇండియా పన్ను అమ్మిన ఏడాది పడుతుంది, డెన్మార్క్ పన్ను ముందు ఏళ్లలోనే కట్టేసి ఉంటాం. రెండు పన్నుల ఏళ్లు కలవవు కాబట్టి ఒకదాని మీద మరోదాన్ని తగ్గించుకోవడం పెద్ద తలనొప్పి. వెళ్లే ముందే ఆ ఫండ్లు అమ్మేసి, అక్కడికి వెళ్లాక నేరుగా షేర్లలోనో, అక్కడి ‘షేర్ పొదుపు ఖాతా’లోనో పెట్టడం చాలామందికి చవక. ఆ ఖాతాలో లాభం మీద పన్ను 17 శాతమే, కాకపోతే పెట్టగలిగిన సొమ్ముకు పరిమితి ఉంది.

స్వీడన్ ఈ విషయంలో మంచి మర్యాదస్తురాలు. ఐఎస్‌కే అనే పొదుపు ఖాతా 2012లో వచ్చింది. అందులో షేర్లు, ఫండ్లు కొన్నా అమ్మినా లాభం మీద 30 శాతం ఉండదు. ఖాతా విలువ మీద ఏటా చిన్న పన్ను, 2025లో అది ఒక శాతం కన్నా తక్కువే. మొదటి లక్షన్నర క్రోనర్లకు 2025లో అదీ లేదు, 2026 నుంచి మొదటి 3 లక్షలకు లేదు. ఇండియాలో ఫండ్లు నడుపుతూ 30 శాతం లెక్కలు చూపించుకుంటున్న కుటుంబం ఈ ఖాతా తెరవకపోవడానికి బద్ధకం తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

ఇవన్నీ ఎవరు చూస్తారులే అనే ధీమా మాత్రం 2017తో ముగిసింది. ఆ ఏడాది నుంచి ఇండియా, స్కాండినేవియా దేశాలు ఖాతాల వివరాలు ఒకరికొకరు ఆటోమేటిక్‌గా పంపుకుంటున్నాయి. బ్యాంకు బ్యాలెన్సు, వడ్డీ, ఫండ్ల విలువ అన్నీ పోతాయి. భూముల వివరాలు ఆ పద్ధతిలో వెళ్లవు గానీ, అద్దె ఖాతాలో పడుతుంది కదా. చూపించని ఆదాయం దొరికితే స్వీడన్‌లో తప్పిన పన్ను మీద 40 శాతం అదనపు వడ్డింపు ఉంటుంది. వాళ్లు అడగకముందే మనంతట మనం సరిచేసుకుంటే ఆ వడ్డింపు ఉండదు. పాత ఏళ్ల లెక్కలు ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం రాదు.

ఇక నార్వే సంపద పన్ను. 2025లో ఒక మనిషికి 17.6 లక్షల క్రోనర్లు, దంపతులకు దానికి రెట్టింపు దాటిన నికర ఆస్తి మీద 1 శాతం. 2.07 కోట్ల క్రోనర్లు దాటితే 1.1 శాతం. క్రోనర్‌కు ఎనిమిది రూపాయల చొప్పున చూస్తే దంపతుల గీత 2.8 కోట్ల రూపాయల దగ్గర పడుతుంది. హైదరాబాద్ పశ్చిమాన రెండు ఫ్లాట్లు, కొంత ఎఫ్‌డీ, నాన్నగారి నుంచి వచ్చిన స్థలం ఉన్న మధ్యతరగతి జంట ఈ గీత దాటడం ఆశ్చర్యం కాదు. నార్వే పద్ధతిలో విలువ కట్టి అప్పులు తీసేశాక 5 కోట్లు తేలితే, ఏటా 2 లక్షల పైచిలుకు రూపాయల పన్ను. ఆ ఆస్తి నుంచి ఆ ఏడాది పైసా ఆదాయం రాకపోయినా సరే. ఇండియా తన సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేసింది కాబట్టి ఇక్కడ కట్టిన సంపద పన్ను అని చూపడానికీ ఏమీ లేదు.

ఈ పన్నును చట్టం లోపలే తగ్గించే గట్టి మార్గం ఒకటుంది, అది నార్వే మధ్యతరగతి మొత్తానికి తెలిసిందే. బ్యాంకులో డబ్బుకు నూటికి నూరు శాతం విలువ కడతారు. షేర్లకు 80 శాతం. సొంతంగా ఉండే ఇంటికి మాత్రం, కోటి క్రోనర్ల విలువ వరకు, 25 శాతమే. అప్పును మాత్రం పూర్తిగా తీసేస్తారు. ఆస్లోలో 60 లక్షల క్రోనర్లకు ఇల్లు కొని 45 లక్షలు అప్పు చేసిన జంటను తీసుకోండి. లెక్కలో ఇల్లు 15 లక్షలు, అప్పు 45 లక్షలు. అంటే వాళ్ల మిగతా ఆస్తిలోంచి 30 లక్షలు మాయమైపోతాయి. ఇండియాలో, బ్యాంకులో కలిపి 60 లక్షల క్రోనర్ల ఆస్తి ఉన్నా లెక్కకు 30 లక్షలే తేలుతాయి, గీత కిందే ఉంటారు, పన్ను సున్నా. అద్దె ఇంట్లో ఉంటూ ఎఫ్‌డీలు పేర్చుకునే మన పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఏ ప్రభుత్వమైనా జనాన్ని అప్పు చేసి ఇల్లు కొనమని ఇంతకన్నా బహిరంగంగా చెప్పలేదు. ఇది మంచి విధానమా అంటే నాకు అనుమానమే. ఆస్లో ఇళ్ల ధరలు చూశాక అనుమానం ఇంకా పెరుగుతుంది.

అసలు ధనవంతులు ఎంచుకున్న దారి వేరు. 2022లో పారిశ్రామికవేత్త షెల్ ఇంగె రోకె స్విట్జర్లాండ్‌లోని లుగానోకు మారిపోయాడు, ఆ వెనకే మరికొందరు. ప్రభుత్వం జవాబుగా దేశం విడిచేవాళ్ల షేర్ల లాభం మీద పన్నును బిగించింది. 2024 మార్చి తర్వాత వెళ్లినవాళ్లకు 30 లక్షల క్రోనర్లకు మించిన లాభం మీద పన్ను తప్పదు, పన్నెండేళ్లలో కట్టాలి. 2025 సెప్టెంబరు ఎన్నికల్లో పెద్ద చర్చ ఈ సంపద పన్ను మీదే నడిచింది. లేబర్ పార్టీ గెలిచింది, పన్ను నిలిచింది. స్టాక్ ఆప్షన్లు బాగా పెరిగిన స్టార్టప్ ఉద్యోగికి కూడా రోకె కోసం వేసిన ఈ వల తగలొచ్చు.

చిన్న చిన్న విషయాలు కొన్ని త్వరగా. స్వీడన్‌లో 1971 నుంచి భార్యాభర్తల పన్ను విడివిడి. ఉద్యోగం లేని భార్య పేరున తగ్గింపేమీ రాదు. డెన్మార్క్‌లో మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు, భర్త గానీ భార్య గానీ వాడుకోని వ్యక్తిగత మినహాయింపును రెండోవారికి మార్చుకోవచ్చు. స్వీడన్‌లో ఇల్లు ఊడ్చి తుడిచే మనిషిని కంపెనీ ద్వారా పెట్టుకుంటే కూలిలో సగం పన్నులోంచే పోతుంది. అక్కడి చర్చిలో సభ్యులు కాకపోతే దాదాపు ఒక శాతం చర్చి రుసుము ఉండదు, కానీ శ్మశాన రుసుము అందరికీ ఉంటుంది. చావు దాకా ప్లాన్ చేసిన దేశం మరి. పెన్షన్‌లో ఎక్కువ వేసుకుని ఇప్పటి పన్ను వాయిదా వేయడం మంచిదే గానీ, డెన్మార్క్‌లో ఆ సొమ్ము గడువుకు ముందే తీసుకుంటే 60 శాతం పోతుంది. ఐదేళ్లలో తిరిగి వచ్చేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త.

కట్టేదాన్ని తిట్టుకునే ముందు వచ్చేదాన్నీ ఒక కాలమ్‌లో రాసుకోవాలి. స్వీడన్‌లో డేకేర్‌కు మొదటి బిడ్డకు నెలకు 1,700 క్రోనర్ల చుట్టూ గరిష్ఠ ఫీజు. నార్వే దాన్ని 2025 ఆగస్టు నుంచి 1,200కు దించింది. స్కూలు ఉచితం. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూలు ఫీజులు కడుతున్న ఇద్దరు పిల్లల తండ్రికి ఆ ‘సగం జీతం’ లెక్క తిరగరాయాల్సి వస్తుంది. పెళ్లి కాని ఇరవై ఏడేళ్ల కుర్రాడికి మాత్రం ఈ వాదన అతకదు. అతనికి నిపుణుల పన్ను పథకం ఒక్కటే నిజమైన లాభం.

చివరి తేదీ, వెళ్లిపోయే రోజు. పదేళ్లకు పైగా స్వీడన్‌లో ఉన్నవాళ్లు దేశం విడిచాక కూడా ఐదేళ్ల పాటు, అక్కడ ‘గట్టి సంబంధం’ లేదని తామే నిరూపించుకోవాలి. స్టాక్‌హోమ్‌లో ఫ్లాట్ ఉంచుకుని, భార్యాపిల్లల్ని అక్కడే పెట్టి, తను మాత్రం హైదరాబాద్ వచ్చేశానంటే ఒప్పుకోరు. నార్వేలో ఏడాదికి 61 రోజులకు మించి తిరిగి రాకూడదు, ఉండడానికి ఇల్లూ ఉండకూడదు. పదేళ్లు దాటి ఉన్నవాళ్లైతే ఈ నిబంధనను వరుసగా మూడేళ్లు పాటించాలి. డెన్మార్క్‌లో చివరి పదేళ్లలో ఏడేళ్లు ఉన్నవాళ్ల షేర్లు లక్ష క్రోనర్లు దాటితే, అమ్మకపోయినా వెళ్లేరోజు విలువతో లాభం లెక్క కడతారు.

మరోవైపు ఇండియా, చాలాకాలం బయట ఉండి వచ్చినవాళ్లకు ఆర్‌ఎన్‌వోఆర్ హోదా ఇస్తుంది. ఆ హోదా ఉన్న రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. స్వీడన్‌లో ఐఎస్‌కే ఉన్నవాళ్లు తిరిగి వచ్చాక ఆ ఖాతాను ఈ రెండు మూడేళ్ల లోపు అమ్మి మూసేయడం మంచిది. ఆ హోదా ముగిసిన తర్వాత అమ్మితే ఇండియా అసలు లాభం మొత్తం మీద పన్ను అడుగుతుంది. ఐఎస్‌కేలో ఏటా కట్టిన చిన్న పన్నును దానిలోంచి తగ్గించుకోవడం సులభం కాదు.